కొండబాటల్లో పక్షి పరిశీలన: విస్తరణ విద్యలో దానికి స్థానం కల్పించాలి

తూర్పు కనుమల కొండబాటలపై నేడు ప్రధానంగా రెండు రకాల నడకలు సాగుతున్నాయి. మొదటిది అక్కడి గిరిజన రైతుల నిత్యజీవన ప్రయాణం: పొలానికి, సంతకు, కట్టెలకు, పశువుల మేతకు. రెండవది పర్యాటకుల నడక. లంబసింగి చలి, వంజంగి కొండపై మేఘాలు, అరకు లోయలో వలిసె పూల పసుపు ఇప్పుడు వేలాది మందిని ఆకర్షిస్తున్నాయి. చూసి, విని, లెక్కించి, రాసుకొనే మూడవ రకం నడక ఒకటి ఉంది. అదే పక్షి పరిశీలన. వ్యవసాయ విశ్వవిద్యాలయాల బోధనలో గాని, విస్తరణ కార్యక్రమాలలో గాని దానికి ఇంతవరకు తగిన స్థానం దక్కలేదు. దీనిని తీరిక ఉన్నవారి వినోదంగా భావించడమే అందుకు కారణం. ఈ భావన సరైనది కాదని, కొండప్రాంతాలలో పనిచేయబోయే విస్తరణ శాస్త్రవేత్తకు భూమిని చదవడం నేర్పే చవకైన సాధనాలలో పక్షి పరిశీలన ముఖ్యమైనదని ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను.

ఒక బాట, అనేక ఆవాసాలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో గెడ్డ ఒడ్డున మొదలై కొండ తలకు చేరే ఏ కాలిబాటనైనా తీసుకొందాం. రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే భూవినియోగం ఐదారు సార్లు మారుతుంది. అడుగున వరి మడులు, వాటిపైన రాజ్‌మా, అల్లం, పసుపు చేలు, ఆపైన చెట్ల నీడన కాఫీ, దానిని దాటితే మిగిలి ఉన్న అడవి, పోడు కొట్టి విడిచిన నేలలో తిరిగి మొలుస్తున్న పొదలు, చివరకు గాలికి ఊగే గడ్డి వాలు. ఈ మార్పులను పటంలోనూ చూపవచ్చు. అయితే ఒక్కొక్క ఆవాసం ఎంత ఆరోగ్యంగా ఉన్నదో పటం చెప్పదు. పక్షులు చెబుతాయి.

గెడ్డ వెంబడి నీడ దట్టంగా ఉన్నచోట మలబారు ఈలపిట్ట వినిపిస్తుంది. ఫలవృక్షాలు, ముఖ్యంగా మర్రి, జువ్వి, మేడి జాతులు మిగిలి ఉన్నచోట పచ్చ పావురాలు, కొమ్ము పక్షులు గుమిగూడుతాయి. తొర్రలున్న ముసలి చెట్లు లేనిచోట కొమ్ము పక్షి గూడు పెట్టలేదు. వడ్రంగి పిట్ట తొలిచిన తొర్రను తరువాత చిలుక, గోరింక, పైడికంటె వాడుకొంటాయి. కనుక ఒక అడవిలో వడ్రంగి పిట్టలు తగ్గాయంటే ఎండు మానులను కట్టెలకు తీసివేస్తున్నారని ఊహించవచ్చు. పొదలు తిరిగి మొలుస్తున్న పోడు నేలలో పికిలిపిట్టలు అధికం. అవి తిన్న పండ్ల విత్తనాలు అక్కడ పడి మొలకెత్తుతాయి. గడ్డి వాలుపై భరతపక్షులు, నేలపై తోక ఆడిస్తూ పరుగెత్తే పిపిట్లు, కౌజులు ఉంటాయి. ఇవి గడ్డి దుబ్బుల మధ్య నేలమీదనే గూడు పెట్టుకొనే పక్షులు. గడ్డి కాలిపోయినా, గుంతలు తవ్వి మొక్కలు నాటినా వాటికి గూటి చోటు మిగలదు.

ఒక విద్యార్థి ఈ బాటపై ఏడాదిలో పన్నెండు సార్లు నడిచి, ప్రతిసారీ ఏ ఎత్తులో ఏ పక్షి ఎన్ని కనిపించాయో రాసుకొంటే, ఆవాసాల మధ్య సంబంధం అతనికి పాఠ్యపుస్తకం కన్న స్పష్టంగా అర్థమవుతుంది. మార్చి నుంచి జూన్ వరకు స్థానిక పక్షుల కూతలు, గూళ్లు కనబడతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు ఉత్తరాది నుంచి వలస వచ్చిన చిన్న పక్షులు కాఫీ తోటల పందిళ్లలో, అడవి అంచులలో పురుగులు ఏరుకొంటూ ఉంటాయి. ఒకే తోట రెండు రుతువులలో రెండు వేరు వేరు పక్షి సమాజాలను పోషిస్తున్నదని గ్రహించినవాడు ఆ తోటలో ఏ చెట్టు నరకమని సిఫారసు చేయాలన్నా ఒకసారి ఆలోచిస్తాడు.

మనకున్న వారసత్వం

ఈ కొండలలో పక్షి పరిశీలన కొత్త విషయం కాదు. 1929–30లో వెర్నే శాస్త్రీయ సర్వే తూర్పు కనుమలలో పక్షులను సేకరించగా, ఆ సమాచారాన్ని హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ క్రమబద్ధంగా ప్రచురించారు. 1930వ దశకం తొలి సంవత్సరాలలో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే నిర్వహించారు. తరువాతి తరంలో విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఈ కనుమలలో విస్తృతంగా పరిశీలనలు జరిపారు. ఆయన, డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్ కలిసి విశాఖ కనుమల పక్షులపై 1980వ దశకంలో ప్రచురించిన వ్యాసాలు నేటికీ ప్రామాణికాలు. హిమాలయ పాదాలలోను, ఈశాన్య రాష్ట్రాలలోను కనిపించే ఆబట్స్ బాబ్లర్ అనే చిన్న పక్షి తూర్పు కనుమలలో కూడా ఉన్నదని తేలినప్పుడు, 1985లో ఆ ఉపజాతికి కృష్ణరాజు పేరిట 'కృష్ణరాజుయి' అని నామకరణం చేశారు. ట్రెవర్ ప్రైస్ ఇదే కనుమలలో గ్రీనిష్ వార్బ్లర్ అనే వలస పక్షి శీతాకాల జీవనాన్ని అధ్యయనం చేసి 1981లో ప్రచురించారు.

ఈ పని అంతా నడక ద్వారా, నోటుపుస్తకం ద్వారా జరిగినది. ఖరీదైన ప్రయోగశాల దీనికి అవసరం లేదు. చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నది. పాడేరు, అరకు పరిసరాలలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద విద్యార్థులను నెలల తరబడి ఉంచే వీలున్నది. అలాంటప్పుడు ఆ వారసత్వాన్ని కొనసాగించకపోవడానికి సాకు చెప్పడం కష్టం.

పచ్చిక బీడు కాదు

పక్షి పరిశీలన మనకు సరిదిద్దవలసిన ముఖ్యమైన అపోహ ఒకటి ఉంది. చెట్లు లేని భూమి వ్యర్థమని మన పరిపాలనా పరిభాష భావిస్తుంది. దేశపు బంజరు భూముల అట్లాసులో దట్టమైన తుప్పలు గల భూమి, పలచని తుప్పలు గల భూమి కూడా బంజరు వర్గాలుగానే నమోదయ్యాయి. 2019లో వెలువడిన అట్లాసు ప్రకారం దేశ భౌగోళిక విస్తీర్ణంలో సుమారు 17 శాతం బంజరు. ఈ లెక్కలో నిజంగా పాడైన నేలతోపాటు సహజమైన పచ్చిక, తుప్ప ప్రాంతాలు కూడా కలిసిపోయాయి. ఒకసారి 'బంజరు' అన్న ముద్ర పడితే దానిపై మొక్కలు నాటడం, సౌర ఫలకాలు పెట్టడం, కాలువ తవ్వడం అన్నీ అభివృద్ధిగానే కనిపిస్తాయి.

ఇందుకు కడప జిల్లా కలివికోడి కన్న మంచి ఉదాహరణ లేదు. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందని భావించారు. 1986 జనవరిలో బొంబాయి సహజ చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ దానిని రెడ్డిపల్లె సమీపంలో తిరిగి కనుగొన్నారు. అయితే ఆ పక్షిని మొదట చేజిక్కించుకొన్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రం ఎనభై ఆరేళ్లు పోగొట్టుకొన్న పక్షిని ఆ నేలపై రాత్రులు తిరిగే మనిషి వెతికి ఇవ్వగలిగాడు. స్థానిక జ్ఞానాన్ని గౌరవించాలని విస్తరణ పాఠాలలో చదివే మాటకు ఇంతకంటె గట్టి నిదర్శనం ఏం కావాలి?

ఆ పక్షి ఆవాసం అడవీ కాదు, మైదానమూ కాదు. ముళ్ల పొదల మధ్య ఖాళీ నేల ఉన్న తుప్ప ప్రాంతం. హెక్టారుకు రెండు మీటర్ల కన్న ఎత్తైన పొదలు సుమారు 300 నుంచి 700 ఉన్నచోట దాని అడుగుజాడలు ఎక్కువగా కనిపించినట్లు తరువాతి అధ్యయనాలు తెలిపాయి. మేకలు అతిగా మేసినా, కట్టెలు అతిగా కొట్టినా పొద పలచబడి ఆవాసం చెడుతుంది. మేపు పూర్తిగా ఆగి పొద చిక్కబడినా చెడుతుంది. పశుపోషకుడికి, పక్షికి మధ్య ఉన్న ఈ సున్నితమైన తూకాన్ని నిలబెట్టడం ఎవరి పని? అటవీశాఖది మాత్రమే కాదు. మేత, పశుసంఖ్య, వంటచెరకు గురించి రైతుతో మాట్లాడే విస్తరణ సిబ్బందిది కూడా. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య పరిసరాలలో తెలుగుగంగ కాలువ పనుల వల్ల ఆ ఆవాసం కొంత దెబ్బతిని, తరువాత కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చింది. ఆ నేల విలువ ముందే తెలిసి ఉంటే ఆ నష్టమూ, ఆ ఖర్చూ తప్పేవి.

రోళ్లపాడు కథ ఇంకా విచారకరం. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షి కంచె లోపలి గడ్డిపైనే ఆధారపడదు. చుట్టుపక్కల మెట్ట చేలలోనూ మిడతలు, గింజలు ఏరుకొని బ్రతుకుతుంది. ఆ చేల సాగుతీరు మారుతూ పోతే కంచె లోపలి గడ్డి ఒక్కటే దానిని నిలబెట్టలేదు. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ బట్టమేక పిట్ట దాదాపు కనుమరుగైంది. పంటల సరళి కూడా పక్షి సంరక్షణలో భాగమన్న సత్యాన్ని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆలస్యంగానైనా అంగీకరించాలి.

ఇవి విడి విడి సంఘటనలు కావు. దేశవ్యాప్తంగా సుమారు 30,000 మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల ఆధారంగా 2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతులను మదింపు చేసి, 178 జాతులకు అత్యధిక సంరక్షణ ప్రాధాన్యం అవసరమని పేర్కొంది. పచ్చిక బయళ్లపైనే ఆధారపడే పక్షులు తీవ్రంగా తగ్గుతున్నాయని చెప్పింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట కూడా తగ్గుదల గల జాతులలో ఉన్నది. దాని అంతర్జాతీయ స్థాయిని తిరిగి పరిశీలించాలని నివేదిక సూచించింది. దసరా నాడు పాలపిట్టను చూడటం శుభమని నమ్మే సమాజంలో ఆ పక్షి చూడాలన్నా దొరకని రోజు రావడం మనందరికీ సిగ్గుచేటు.

కాఫీ నీడలో ఒక పరిశోధన ప్రశ్న

పాడేరు, అరకు కొండలలో కాఫీ గిరిజన కుటుంబాల ప్రధాన ఆదాయాలలో ఒకటి. అరకు లోయ అరాబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడి కాఫీ నీడలో పెరుగుతుంది. ఆ నీడకు త్వరగా ఎదిగే సిల్వర్ ఓక్‌ను విరివిగా నాటారు. మిరియాల తీగకు ఆధారంగాను, కలపగాను సిల్వర్ ఓక్ రైతుకు ఉపయోగపడుతుంది. దానిని నిందించనవసరం లేదు. అయితే ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. మన పండు తినే పక్షులకు దానిలో తిండి లేదు. పనస, నేరేడు, మేడి, జువ్వి కలిసిన నీడ వేరు. ఒకే జాతి వరుసల నీడ వేరు. రెండు తోటలలో ఒకే ఉదయం పక్షులను లెక్కించిన విద్యార్థికి ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది.

దీనికి ఆర్థిక పార్శ్వం కూడా ఉంది. జమైకా నీలి పర్వతాల కాఫీ తోటలలో కొన్ని మొక్కలపై వల కప్పి పక్షులను అడ్డుకొన్నప్పుడు, వల లేని మొక్కలతో పోల్చితే కాయతొలుచు పురుగు బాధ పెరిగినట్లు ప్రయోగాలు చూపాయి. అక్కడ ఆ పనిచేసినవి ప్రధానంగా శీతాకాలంలో వలస వచ్చే చిన్న కీటకాహార పక్షులు. మన అరకు ప్రాంతపు తోటలలో 2025లో కాయతొలుచు పురుగు బయటపడి రైతులను కలవరపెట్టింది. మన తోటలకూ శీతాకాలంలో గ్రీనిష్ వార్బ్లర్ వంటి చిన్న వలస పక్షులు వస్తాయి. జమైకాలో జరిగిన ప్రయోగాన్ని ఇక్కడ, స్థానిక చెట్ల నీడలోను, సిల్వర్ ఓక్ నీడలోను పక్కపక్కన నిర్వహించడం ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి చక్కగా సరిపోయే పని. కాయల ఏరివేత, రాలిన కాయల నిర్మూలన వంటి పద్ధతులకు ఇది ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. కాని ఆ తోడు విలువ ఎంతో లెక్క కట్టకుండా నీడ చెట్ల గురించి మనం ఇచ్చే సలహా అసంపూర్ణం.

ఈ ఆలోచన మన శాస్త్రానికి పరాయిది కూడా కాదు. కంది, శనగ చేలలో శనగపచ్చ పురుగు నివారణకు పక్షి స్థావరాలు పెట్టమని సస్యరక్షణ సిఫారసులలో ఏళ్ల తరబడి చెబుతున్నాము. ఆ స్థావరంపై వచ్చి వాలేది ఏ పక్షి అని అడిగితే మాత్రం మనలో చాలమంది సమాధానం చెప్పలేరు. పసుల పోలిగాడు, పాలపిట్ట, గోరింక ఒక్కొక్కటి ఏ వేళ, ఏ దశలో ఉన్న పురుగును పట్టుకొంటాయో తెలియకుండా కర్ర పాతమని చెప్పడం సగం విద్య మాత్రమే.

కొన్ని అభ్యంతరాలు

పక్షులు పంటలకు చేటు చేస్తాయి కదా, వాటిని చూడమని రైతుకు ఎలా చెబుతామన్నది మొదటి అభ్యంతరం. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, జొన్న చేలలో చిలుకల వల్ల, సామ, చోడి చేలలో గింజ తినే చిన్న పిట్టల వల్ల నష్టం వాస్తవం. కాని నష్టం చేసే జాతులు కొన్ని మాత్రమే. అదీ పంట ఒక దశలో ఉన్నప్పుడు మాత్రమే. మెరుపు రిబ్బను ఎప్పుడు కట్టాలో, కాపలా ఏ వారం ఎక్కువ ఉండాలో నిర్ణయించడానికి కూడా పక్షిని గుర్తించడం, లెక్కించడం రావాలి. పరిశీలన రాని చోట ప్రతి పక్షీ శత్రువుగానే కనిపిస్తుంది. చివరకు విషపు గింజలు చల్లే ప్రమాదం వస్తుంది.

రెండవ అభ్యంతరం పాఠ్యభారం. కొత్త కోర్సు కావాలని నేను అనడం లేదు. కీటకశాస్త్రం, వ్యవసాయ అటవీశాస్త్రం, విస్తరణ క్షేత్ర కార్యక్రమాలలో ఇప్పటికే క్షేత్ర సందర్శనలు ఉన్నాయి. వాటిలో కొన్ని ఉదయాలను కొండబాటకు మళ్లిస్తే చాలు.

మూడవది గంభీరమైనది: మనం కూడా వెళ్లి ఆ కొండలను మరింత తొక్కివేయమా? ఈ భయం సహేతుకమే. సెలవు దినాలలో కొండలపై పేరుకొనే ప్లాస్టిక్కు, సూర్యోదయానికి ముందే మొదలయ్యే వాహనాల హోరు, దారి విడిచి గడ్డిలో నడిచే గుంపులు అందరికీ కనిపిస్తున్నవే. పక్షి పరిశీలకుడు కూడా నియమం లేకపోతే ఇందులో భాగస్వామి అవుతాడు. అందుకే నియమంతో కూడిన నడకను మనం నేర్పాలి. దానిని చూసి గ్రామయువకులు పర్యాటకులకు నియమాలు చెప్పగల మార్గదర్శకులు కాగలరు. ఆ ఆదాయం గ్రామానికి చెందాలి.

ఆచరణకు కొన్ని సూచనలు

కొండప్రాంత పరిశోధన కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఒక్కొక్కటి రెండు కిలోమీటర్లకు మించని ఒక స్థిరమైన బాటను ఎంచుకోవాలి. ఆ బాట కనీసం సాగుభూమి, చెట్లతోట, అడవి, గడ్డి వాలు అనే నాలుగు ఆవాసాలను తాకాలి. ప్రతి ఆవాసంలో ఒక చోట నిలబడి పది నిమిషాలు లెక్కించే స్థలాన్ని గుర్తు పెట్టాలి. నెలకొకసారి, సూర్యోదయం తరువాత రెండు గంటలలోపు, ఒకే క్రమంలో నడవాలి.

బృందంలో ఆరుగురికి మించరాదు. వారిలో ఒకరు తప్పనిసరిగా ఆ గ్రామపు రైతు కావాలి. ఆయనకు లేదా ఆమెకు ఆ ఉదయపు కూలి చెల్లించాలి. పక్షి పేరు ముందు వారి నోట వినాలి. కొండదొర, కోదు, గదబ, పోర్జ కుటుంబాలలో ఒక్కొక్క పక్షికి ఏ పేరున్నదో, ఆ పక్షి కూత ఏ వ్యవసాయ పనికి సూచనగా భావిస్తారో రాసుకోవాలి. శాస్త్రీయ నామం తరువాత చేర్చవచ్చు.

కనిపించిన, వినిపించిన జాతులన్నిటినీ రాయాలి; అరుదైనవి మాత్రమే ఏరి రాస్తే ఆ జాబితా లెక్కకు పనికిరాదు. కాకి, గోరింకల సంఖ్యలు కూడా అంతే విలువైనవి. ఈ జాబితాలను ఈబర్డ్ వంటి బహిరంగ వేదికలో చేర్చితే అవి దేశవ్యాప్త మదింపుకు తోడ్పడతాయి. అయితే అరుదైన పక్షుల గూటి స్థలాలను వెల్లడించరాదు. రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని రప్పించడం, గూటి దగ్గరకు పోయి ఫొటోలు తీయడం, బాట విడిచి గడ్డిలో నడవడం పూర్తిగా నిషేధించాలి.

చివరిదీ అన్నిటికన్న ముఖ్యమైనదీ ఒక సూచన ఉంది. ఏ కొండ వాలుపైనైనా మొక్కలు నాటే కార్యక్రమాన్ని సిఫారసు చేయడానికి ముందు, కనీసం ఒక వేసవి, ఒక శీతాకాలం అక్కడ పక్షి పరిశీలన జరగాలి. నేలమీద గూడు పెట్టే పచ్చిక పక్షులు అక్కడ ఉంటే ఆ వాలును గడ్డిగానే ఉంచి, నియమిత మేపుకు, గడ్డికోతకు ఉపయోగించే ప్రణాళికను రైతులతో చర్చించాలి. చెట్టు నాటడం మంచిదే. అయితే ప్రతిచోటా మంచిది కాదు. ఈ విచక్షణ విశ్వవిద్యాలయం నుంచే రావాలి, ఎందుకంటే క్షేత్రస్థాయి సిబ్బంది మన సిఫారసునే ప్రమాణంగా తీసుకొంటారు.

వ్యవసాయ విస్తరణ చాలాకాలం పాటు పరిశోధన కేంద్రంలో తేలిన విషయాన్ని రైతుకు చేరవేసే పనిగానే సాగింది. కొండప్రాంతాలలో ఆ దిశ రెండువైపులా ఉండాలి. అక్కడి భూమి గురించి మనకు తెలిసినదానికన్న అక్కడి మనుషులకు తెలిసినది ఎక్కువ; వారు చూసి చూడనట్లు వదిలిన వివరాలను లెక్కగా మార్చే పద్ధతి మన వద్ద ఉన్నది. ఈ రెండూ కలిసే చోటు కొండబాట. బైనాక్యులర్లు, నోటుపుస్తకం, తెల్లవారుజామున లేచే అలవాటు తప్ప దీనికి పెట్టుబడి లేదు. వచ్చే విద్యాసంవత్సరంలోనే కనీసం ఒక కేంద్రం ఈ పనికి పూనుకొంటే, ఐదేళ్లలో ఆ కొండల నేల, నీడ, గడ్డి ఎటు పోతున్నాయో చెప్పగల ఆధారం మన చేతిలో ఉంటుంది. ఆ ఆధారం లేకుండా ఇచ్చే సలహాలకు మూల్యం ఆ కొండలు, వాటిపై బ్రతికే రైతులు చెల్లించవలసి వస్తుంది.